పదిహేడు రెక్కలు

తిరువూరు,
6-1-1974.

మొహిద్దీన్‌కు మామూ దువా.

నీ ఉత్తరం గురువారం చేరింది. మీ అమ్మకు చదివి వినిపించాను. హాస్టల్లో చారు నీళ్ళలా ఉంటోందన్న వాక్యం మాత్రం దాటేశాను. అది వింటే ఆపా ఆ పూట అన్నం ముట్టదు. మీ మామీ ఇమాంబీ పండుమిరపకాయల పచ్చడి పెట్టింది. కాకినాడ వైపు వచ్చే మనిషి దొరికితే పంపిస్తాం.

ఇప్పుడు ఒక పని మీద రాస్తున్నాను. పెనుగొలను వీరరాఘవయ్యగారు నీకు తెలుసు. మన షెడ్డుకు వచ్చినప్పుడల్లా నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కాలు అడిగేవారు. ఆయన బావి దగ్గరికి కరెంటు ఇంకా రాలేదు. డీజిలు ఇంజనుతో తోడుకుంటున్నారు. అది నీళ్ళతో చల్లబడే రకం కాదు, గాలితో చల్లబడేది. సిలిండరు చుట్టూ తొమ్మిది ఇనప రెక్కలున్నాయి. ఫ్లైవీలుకున్న ఫ్యాను వాటి మీదికి గాలి కొడుతుంది. కొన్న కొత్తలో బాగానే నడిచింది. ఇప్పుడు మూడు గంటలు దాటితే చాలు, సిలిండరు కాలిపోయి, లాగలేక మూలుగుతోంది. ఆపి రెండు గంటలు చల్లారనిస్తే మళ్ళీ నడుస్తుంది. రింగులు మార్చాను, ఆయిలు మార్చాను, రెక్కల మధ్య దుమ్మంతా గీకేశాను. కొంచెం నయం, అంతే.

ఈ ఏడు ఆయన ఆ బావి కింద రెండో పంటగా మూడెకరాలు వరి వేశారు. మార్చి వచ్చేసరికి రోజుకు ఆరేడు గంటలు నీళ్ళు పారకపోతే ఆ పైరు నిలబడదు. మొన్న షెడ్డుకు వచ్చి, "సాయిబూ, మీ మేనల్లుడు ఇంజన్ల చదువే గదా చదివేది. ఈ వేడి సంగతేంటో అడిగి చూడు," అన్నారు. ఆ మాటకు నాకెంత సంతోషమైందో! ఇంజను చప్పుడు విని జబ్బేమిటో చెప్పగలను గాని, కాగితం మీద లెక్క వేయడం నా వల్ల కాదు కదా. తీరిక చూసుకుని రాయి.

నీ మామూ,
చాంద్‌బాషా.

&nbsp;

కాకినాడ,
19-1-1974.

మామూకు సలాం.

మీ ఉత్తరం చదివి ఎగిరి గంతేశాను. నా ఎమ్.ఇ. ప్రాజెక్టు సరిగ్గా ఇదే! సిలిండరు వేడిని తొందరగా బయటికి పంపాలంటే రెక్కలు ఎలా ఉండాలన్నదే నేను ఏడాదిగా చూస్తున్నది.

సంగతి చాలా తేలిక. వేడి బయటికి పోవాలంటే గాలి తగిలే చోటు ఎక్కువగా ఉండాలి. నున్నటి సిలిండరుకు ఆ చోటు తక్కువ. ఒక రెక్క పెడితే దానికి రెండు పక్కలా గాలి తగులుతుంది. ఎన్ని రెక్కలైతే అంత చోటు. వీరరాఘవయ్యగారి సిలిండరు పొడవులోనే తొమ్మిదికి బదులు పదిహేడు రెక్కలు పడతాయి. రెక్క మందం రెండున్నర మిల్లీమీటర్లు, రెక్కకూ రెక్కకూ మధ్య సందు మూడు మిల్లీమీటర్లు. ఇక్కడి ల్యాబులో ఇలాంటి సిలిండరు చేయించి, లోపల కరెంటు హీటరు పెట్టి, బ్లోయరు ముందు నిలబెట్టి కొలిచాను. పాత పద్ధతి దాని దరిదాపుల్లోకి రాలేదు.

డ్రాయింగు దీంతోపాటు పంపుతున్నాను. ఇంత సన్నటి సందులు పోతలో రావు. మందపాటి దిమ్మ పోయించి, లేతు మీద కోయండి. ఒక్కటే మాట మామూ, కొలత తప్పకూడదు. మన షెడ్డులోలాగా "సుమారుగా ఉంటే చాల్లే" అంటే కుదరదు.

మార్చి ఇరవై రెండున మా డిపార్టుమెంటులో సెమినారు ఉంది. మిగతావాళ్ళంతా ల్యాబు లెక్కలు చెబుతారు. నేను మాత్రం పొలంలో నడిచే ఇంజను మీద పెట్టి చూపించానని చెప్పగలను. అమ్మకు నా తిండి గురించి బెంగ వద్దని చెప్పండి.

మీ
మొహిద్దీన్.

&nbsp;

తిరువూరు,
20-2-1974.

మొహిద్దీన్‌కు దువా.

నీ డ్రాయింగు షెడ్డు గోడకు అంటించాను. కింద మూలన నీ సంతకం ఉంది కదా, వచ్చినవాళ్ళందరికీ ముందు అదే చూపిస్తున్నాను. బస్సు డ్రైవర్లు కూడా వచ్చి చూసి పోతున్నారు. అర్థమయ్యేది ఎవరికి! నాకే సగం అర్థమైంది. అయినా చూస్తుంటే కడుపు నిండినట్టుంటుంది.

దిమ్మ విజయవాడలో పోయించాను. తెలిసినవాళ్ళ లేతు మీద కూర్చుని నా చేత్తోనే కోశాను. మొదటి దిమ్మలో పదకొండో రెక్క దగ్గర పనిముట్టు పట్టేసి రెక్క విరిగింది. అతికించవచ్చన్నారు. నువ్వు కొలత తప్పకూడదన్నావని, దాన్ని పక్కన పడేసి రెండో దిమ్మ పోయించుకుని మళ్ళీ మొదట్నుంచీ కోశాను. మొత్తం తొమ్మిది రోజులు పట్టింది. మొన్న సోమవారం బిగించాం. రెండు గంటలు నడిపితే మెత్తగా, చక్కగా నడిచింది. వీరరాఘవయ్యగారు నా భుజం తట్టారు.

ఒక సంగతి అడుగుతాను, కోప్పడకు. పాత సిలిండరు రెక్కల మధ్య పెన్సిలు దూరేది. ఇందులో అగ్గిపుల్ల తప్ప మరేదీ దూరడం లేదు. గాలి లోపలిదాకా పోతుందంటావా? నువ్వు చూసే ఉంటావులే. ఊరికే అడిగాను.

నీ మామూ,
చాంద్‌బాషా.

&nbsp;

కాకినాడ,
27-2-1974.

మామూకు సలాం.

శుభవార్త రాశారు. మీ అగ్గిపుల్ల సంగతి నా స్నేహితులకు చెబితే నవ్వారు. గాలి ఎంత సన్నటి సందులోకైనా పోతుంది మామూ. నేను బ్లోయరు పెట్టి, థర్మామీటరు పెట్టి కొలిచిన లెక్క అది. చేత్తో తడిమి చెప్పేది కాదు. మీరు మనసులో ఏమీ పెట్టుకోకండి.

ఇక నుంచి మధ్యలో ఆపి చల్లార్చే పని లేదని వీరరాఘవయ్యగారికి నా మాటగా చెప్పండి. ఎన్ని గంటలు కావాలంటే అన్ని గంటలు ఆగకుండా నడపవచ్చు. రోజూ ఎన్ని గంటలు నడిచిందో ఒక కాగితం మీద రాసి, ఆయన సంతకం పెట్టించి, సెమినారుకు ముందే పంపండి. మరిచిపోవద్దు.

మీ
మొహిద్దీన్.

&nbsp;

తిరువూరు,
15-3-1974.

మొహిద్దీన్‌కు దువా.

చేతిరాత చూసి కంగారుపడకు. కళ్ళు మంటగా ఉండి, మన వీధిలో ఉండే జోజప్ప మాస్టారు చేత రాయిస్తున్నాను.

సంగతి దాచి లాభం లేదు. వీరరాఘవయ్యగారి ఇంజను శనివారం పట్టేసింది. పైరు పొట్ట మీదికి వచ్చింది, నీళ్ళు ఎక్కువ కావాలని ఆ రోజు ఆపకుండా నడిపారు. నేనూ అక్కడే ఉన్నాను. నాలుగో గంటలో పిస్టన్ సిలిండరుకు కరుచుకుపోయింది. కనెక్టింగ్ రాడ్డు విరిగి, ఇంజను అడుగున ఉండే ఇనప పెట్టెను, కేసును, పగలగొట్టుకుని బయటికి వచ్చింది. పాత సిలిండరు తిరిగి బిగిద్దామన్నా ఇప్పుడు కింద కేసే లేదు. చుట్టుపక్కల బావుల మీద ఎవరి ఇంజను వాళ్ళకే చాలడం లేదు, అరువిచ్చేవాళ్ళు లేరు. విజయవాడలో పాత కేసు కోసం తిరుగుతున్నాను.

నువ్వు దీని గురించి దిగులు పెట్టుకోకు. తప్పు నాదే. పోతలో ఎక్కడో బొక్క ఉండి ఉంటుంది, లేకపోతే కోతలో నా కొలత తప్పి ఉంటుంది. నీ డ్రాయింగులో ఏ దోషమూ లేదు. వీరరాఘవయ్యగారికీ అదే చెప్పాను. సెమినారులో నీ మాట నువ్వు ధైర్యంగా చెప్పు. ఆయన సంతకం కాగితం మాత్రం పంపలేను. ఏమీ అనుకోకు.

నీ మామూ,
చాంద్‌బాషా.

&nbsp;

కాకినాడ,
24-3-1974.

మామూకు,

మీ ఉత్తరం సెమినారుకు మూడు రోజుల ముందు చేరింది. నా పరిస్థితి ఏమై ఉంటుందో మీరు ఊహించుకోవాలి. పొలంలో పెట్టిన ఇంజను సంగతి ముందే అందరికీ చెప్పుకుని ఉన్నాను. దాని గతేమిటని ప్రొఫెసరుగారు నిండు సభలో అడిగారు. తయారు చేసినవాళ్ళు కొలతలు పాటించలేదు, పనితనంలో లోపం వల్ల పాడైందని చెప్పాల్సి వచ్చింది. ఆయన, ఆ సిలిండరు తెప్పించు చూద్దాం అన్నారు.

మొదటి ఉత్తరంలోనే రాశాను, కొలత తప్పకూడదని. చేతకాకపోతే చేతకాదని అప్పుడే చెప్పవలసింది. మన దగ్గర ఎవరికి చూసినా ఇదే జబ్బు. కాగితం మీద ఒకటి ఉంటుంది, చేసేది ఒకటి. ఇంకొక మాట. మన ఇంటి సంగతులు జోజప్ప మాస్టారు దాకా ఎందుకు వెళ్ళాలి? నా మీద కోపం ఉంటే మీ చేత్తోనే రాయవచ్చు. ఇలా పరాయివాళ్ళ చేత రాయించడం నాకు నచ్చలేదు.

ఆ సిలిండరు వెంటనే పంపండి.

మొహిద్దీన్.

&nbsp;

తిరువూరు,
9-4-1974.

మొహిద్దీన్‌కు దువా.

శుక్రవారం నీ దగ్గర బయల్దేరి, శనివారం పొద్దున్నే ఇల్లు చేరాను. పార్సిలు వేస్తే దారిలో పగులుతుందని నేనే గోతాంలో పట్టుకొచ్చాను. ముందు చెప్పకుండా రావడం నా పొరపాటు. మీ కాలేజీ ఎంత పెద్దది! ఆ ల్యాబు, ఆ యంత్రాలు చూసి నా కళ్ళు చెదిరిపోయాయి. నువ్వు తెల్లకోటు వేసుకుని నిలబడితే ఆపా చూడాల్సింది అనిపించింది.

భోజనం చేసి వెళ్ళమన్నావు, నేను ఆగలేదు. కోపంతో కాదు. బస్సు అందదనే. నీ స్నేహితుల ముందు నువ్వన్న మాట గురించి మనసులో పెట్టుకోకు. నేను మెకానిక్కునే కదా, అందులో అబద్ధం ఏముంది? బట్టలు కూడా మసితో ఉన్నాయి.

పచ్చడి సీసా గోతాం అడుగున ఉంది. చూసుకున్నావో లేదో.

నీ మామూ,
చాంద్‌బాషా.

మొహిద్దీన్‌కు జోజప్ప రాస్తున్నది. ఈ నాలుగు ముక్కలు మీ మామకు చదివి వినిపించడం లేదు. ఆయన కళ్ళకు ఏ జబ్బూ లేదు. ఇంజను పట్టేసిన రోజు దాన్ని ఆపబోయి, చెయ్యి జారి సిలిండరు మీద పడింది. కుడి అరచెయ్యి కాలిపోయింది. రెక్కల అచ్చు గీతలు గీతలుగా చేతిలో దిగింది. నెల దాటింది, ఇంకా కలం పట్టుకోలేరు, స్పానరు పట్టుకోలేరు. కాకినాడకు ఆ చేతికి గుడ్డ కట్టుకునే వచ్చారు. "వాడు అడిగాడా?" అని మీ అమ్మగారు అడిగితే, "అడిగాడు, చాలా బాధపడ్డాడు" అని చెప్పారు. నిజమేమిటో నీకు తెలుసు. పంతులుగా ఇంతకంటే రాయను.

&nbsp;

కాకినాడ,
20-4-1974.

మామూకు సలాం.

నేను అడగలేదు. చేతికి గుడ్డ చూశాను. మసిగుడ్డ అనుకున్నాను. అనుకున్నానో, అలా అనుకోవడం నాకు వీలుగా ఉండి అనుకున్నానో, ఇవాళ నాకే తెలియడం లేదు.

ఆ రోజు వరండాలో ఏం జరిగిందో మీరు ఉత్తరంలో రాయలేదు. నేను రాస్తాను. నా పక్కన ఇద్దరు స్నేహితులు, ఒక లెక్చరరుగారు ఉన్నారు. మీరు గోతాం భుజాన పెట్టుకుని వచ్చారు. "ఎవరు?" అని అడిగితే నేను, "మా ఊరి మెకానిక్కండి, శాంపిలు తెచ్చాడు" అన్నాను. మీరు నా ముఖంలోకి ఒక్కసారి చూసి, "ఎక్కడ పెట్టమంటారు సార్?" అన్నారు. నన్ను సార్ అన్నారు. నేను బల్ల చూపించాను. మామూ, ఆ మాట అన్నాక కూడా నేను ఆ పూట కడుపునిండా భోజనం చేశాను.

మీరు వెళ్ళిన మూడు రోజులకు సిలిండరును వెర్నియరుతో కొలిచాను. మీ తప్పు ఎక్కడుందో రాసి ప్రొఫెసరుగారికి ఇవ్వాలని కూర్చున్నాను. మొదటి సందు మూడు మిల్లీమీటర్లు. రెండోది మూడు. మూడోది మూడు. పదహారు సందులూ కొలిచాను. పదిహేడు రెక్కలూ కొలిచాను. ఎక్కడా తేడా లేదు. నా ల్యాబులో ఉన్న సిలిండరులో ఇంతకంటే ఎక్కువ తేడాలున్నాయి. పోతలో బొక్క ఉందేమోనని వెతికాను. లేదు.

దాన్ని తీసుకుని ప్రొఫెసరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చాలాసేపు తిప్పి చూసి, "నువ్వు చెప్పిన పనితనం లోపం ఎక్కడ?" అన్నారు. నేను కొలతల కాగితం ఆయన ముందు పెట్టాను. తర్వాత ఆయన బ్లోయరు తీయించి, దాని బదులు చిన్న ఫ్యాను పెట్టించారు. మీ సిలిండరులో హీటరు పెట్టి వేడెక్కించి, ముందు ఒక అగరుబత్తి వెలిగించారు. పొగ రెక్కల దాకా వచ్చి, లోపలికి పోకుండా పక్కల నుంచి తప్పుకుపోయింది. వేడి రెక్కను ఆనుకుని పల్చటి గాలిపొర ఒకటి కదలకుండా నిలబడిపోతుందట. రెక్కలు మరీ దగ్గరైతే ఈ పొరా ఆ పొరా కలిసిపోయి, మధ్యలో గాలి ఆడదట. బ్లోయరు దాన్ని బలంగా తోసేసింది గనక నాకు ల్యాబులో కనబడలేదు. ఆ ఇంజను ఫ్యానుకు అంత బలం ఎక్కడిది? పైగా తాటాకు పాకలో, పొట్టూ దుమ్మూ మధ్య. మీరు అగ్గిపుల్లతో అడిగింది ఇదే. నేను నవ్వాను. పదిమంది చేత నవ్వించాను. ఆపకుండా నడపమని చెప్పించింది కూడా నేనే.

సెమినారులో చెప్పింది అబద్ధమని ఆయనకు ఒప్పుకున్నాను. ఆయన కేకలు వేయలేదు. "నాకు చెబితే సరిపోదు" అన్నారు. సోమవారం అదే హాల్లో, అందరి ముందు మళ్ళీ చెప్పాను. నా ప్రాజెక్టు ఇప్పుడు తీసుకోనన్నారు. పొలంలో కొలిచి, డిసెంబరులో ఇవ్వమన్నారు.

వీరరాఘవయ్యగారి పైరు సంగతి మీరు ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. ఏమైందో దాచకుండా రాయండి. వచ్చే నెల నేను వస్తున్నాను.

మొహిద్దీన్.

&nbsp;

తిరువూరు,
27-4-1974.

మొహిద్దీన్‌కు మామూ దువా.

నా చేత్తోనే రాస్తున్నాను, వంకరగా ఉంటుంది. జోజప్ప మాస్టారు మీద కోప్పడ్డాను గాని, ఎక్కువసేపు కోపం నిలవలేదు.

నువ్వు అడిగావు గనక రాస్తున్నాను. పైరు పోయింది. పొట్ట మీద ఉండగా మూడు వారాలు నీళ్ళు లేవు. సగం వెన్నులు బయటికే రాలేదు, వచ్చినవి తాలుపోయాయి. పశువులకు వదిలేశారు. మూడెకరాలూ. నేను పాత కేసు వెతికి పట్టుకొచ్చేసరికి చేయడానికి ఏమీ మిగల్లేదు. బజారులో నలుగురి ముందు ఆయన నన్ను, "చేతకాని పని ఎందుకు నెత్తికెత్తుకున్నావు సాయిబూ? నా నోట మట్టి కొట్టావు," అన్నారు. నేను తలవంచుకుని విన్నాను. అప్పటి నుంచి ఆయన మన షెడ్డు ముందు నుంచి రావడం మానేసి, చుట్టూ తిరిగి పోతున్నారు.

నువ్వు తప్పంతా నీ మీద వేసుకుని రాశావు. అది పూర్తిగా నిజం కాదు. ఇప్పుడు నా సంగతి విను. ఆ దిమ్మ మీద రెండో సందు కోస్తున్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఇంజన్ల మీద చెయ్యి పెట్టి బతికినవాణ్ణి. ఇంత సందులో గాలి ఆడదని చెయ్యి చెబుతూనే ఉంది. లేతు ఆపి, నీకు రాసి, జవాబు వచ్చేదాకా ఆగవచ్చు. ఆగలేదు. ఎందుకంటే గోడ మీద నీ సంతకం ఉంది. ఊరందరికీ చూపించాను. అడిగితే నీకు నా చదువులేనితనం కనబడుతుందని సిగ్గుపడ్డాను. చివరికి అడిగినప్పుడు కూడా, "ఊరికే అడిగాను" అని రాశాను. వీరరాఘవయ్యగారికైతే అనుమానం ఉందన్న మాటే చెప్పలేదు. ఆయన నా మీద నమ్మకంతో పంట పెట్టారు, నీ డ్రాయింగు మీద కాదు. నేను నోరు తెరిచి ఉంటే ఆ మూడెకరాలు దక్కేవి. తర్వాత పోతలో బొక్క అని అబద్ధం ఆడాను. నీకు మేలు చేస్తున్నాననుకున్నాను. నీ చేత సభలో అబద్ధం చెప్పించాను.

వరండా మాట మరిచిపోయానని రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. మరిచిపోలేదు. కానీ నీ ఉత్తరం వచ్చాక కాస్త తేలికపడ్డాను. రా. పెనుగొలను ఇద్దరం కలిసి వెళదాం. ముందు నేను మాట్లాడతాను.

నీ మామూ,
చాంద్‌బాషా.

&nbsp;

కాకినాడ,
9-6-1974.

మామూకు సలాం.

ప్రయాణం బాగానే జరిగింది. అమ్మ కట్టిచ్చిన రొట్టెలు రాజమండ్రి దాకా కూడా రాలేదు.

నేను దిగిన రోజు మిమ్మల్ని షెడ్డులోనే ఉండమని చెప్పి, ఒంటరిగా పెనుగొలను వెళ్ళాను. అక్కడ ఏం జరిగిందో మూడు వారాలూ మీరు అడగలేదు. పక్కపక్కనే కూర్చుని ఇంజను విప్పుతూ కూడా నేను చెప్పలేకపోయాను. కాగితం మీదైతే చెప్పగలను.

వీరరాఘవయ్యగారు గొడ్ల పాక దగ్గర ఉన్నారు. "నేను ఖతీజాబీ కొడుకునండి" అన్నాను.

"తెలుసు. బొమ్మ గీసినవాడివి," అన్నారు.

నన్ను చేలోకి తీసుకెళ్ళారు. మోళ్ళు కూడా సరిగా లేవు, పశువులు తొక్కేశాయి. "చూశావా?" అన్నారు. నేను దారంతా తయారు చేసుకున్న మాటలన్నీ పోయాయి. తప్పు మా మామూది కాదని, డ్రాయింగే తప్పని, ఆయన ఒక వెంట్రుకవాసి కూడా తేడా లేకుండా కోశారని, ఆపకుండా నడపమన్నది నేనేనని చెప్పాను. క్షమించమన్నాను.

"క్షమిస్తే ఈ చేను లేస్తుందా?" అన్నారు.

లేవదన్నాను. ఎండ మాడుస్తోంది. ఇంటికి వచ్చాక ఆయన భార్య నాగేశ్వరమ్మగారు మజ్జిగ ఇచ్చారు. గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. "తాగు బాబూ, ఎండన పడి వచ్చావు," అని ఆవిడ అంటుంటే నాకు ఏడుపొచ్చింది. అప్పుడు ఆయన ఉన్నట్టుండి, "మరి ఎన్ని రెక్కలుండాలి?" అని అడిగారు.

"తెలీదండి," అన్నాను.

"తెలీదా? ఇంత చదివి?"

"తెలీదండి. మీ బావి దగ్గర, మీ పాకలో, మీ ఇంజను మీదే కొలిచి చూడాలి. మీరు ఒప్పుకుంటేనే."

ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నారు. "ఈ మాట మీ మామ వచ్చి చెబితే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆయన నీకోసం ఏదైనా చెబుతాడు. నువ్వొచ్చి తెలీదన్నావు గనక చూద్దాం. నారుమళ్ళ వేళకు మాత్రం తేలాలి," అన్నారు. నేను లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "ఆయన్ని బజారులో నలుగురిలో అన్నాను. అనాల్సిన మాట కాదు," అని తల పక్కకు తిప్పుకున్నారు. మీతో చెప్పమనలేదు. చెప్పొద్దనీ అనలేదు.

మిగతాది మీకు తెలిసిందే. పద్నాలుగు రెక్కలది నాలుగు గంటలకు వేడెక్కింది. పన్నెండు రెక్కలది, ఐదున్నర మిల్లీమీటర్ల సందుతో, నిలిచింది. ఫ్యాను గాలి పక్కలకు పోకుండా రేకు తొడుగు దగ్గరికి వంచింది మీరు. పాకకు పడమటి దడి తీయించిందీ మీరు. ఆ రెండూ లేకపోతే నా పన్నెండు కూడా దండగే. ప్రొఫెసరుగారికి అలాగే చెప్పాను.

నేను వచ్చేసిన తర్వాత ఇంజను ఎలా నడుస్తోందో రాయండి. బాగా లేకపోతే బాగా లేదని రాయండి.

మీ
మొహిద్దీన్.

&nbsp;

తిరువూరు,
23-6-1974.

మొహిద్దీన్‌కు మామూ దువా.

నువ్వు అడిగినట్టే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఇంజను పొద్దున ఆరింటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఏడు గంటలు ఆగకుండా నడుస్తోంది. సిలిండరు వేడెక్కుతోంది గాని మూలగడం లేదు. ఎనిమిదో గంటలో మాత్రం చప్పుడు కొంచెం మారింది. అందుకని ఏడు గంటలకు ఆపేయమని చెప్పాను. పది రోజులకొకసారి రెక్కల మధ్య దుమ్ము తుడవాలి, లేకపోతే వేడి పెరుగుతోంది. ఈ రెండూ నీ పుస్తకంలో రాసుకో.

నారు పోశారు. ఆ మూడెకరాల నష్టం ఈ పంటతో తీరేది కాదు. అది మనిద్దరం గుర్తుపెట్టుకోవాలి.

నిన్న రెడ్డిగూడెం నుంచి జగన్నాథరావుగారని ఒక రైతు వచ్చారు. ఆయన మామిడి మొక్కల మధ్య కూరగాయలు వేశారట. ఆయనదీ ఇలాంటి ఇంజనే. పన్నెండు రెక్కల సిలిండరు సంగతి విని, తనకూ ఒకటి కావాలన్నారు. నేను పని ఒప్పుకునే ముందు మొదటి సిలిండరు సంగతి చెప్పాలనుకున్నాను. "అయ్యా, ముందు ఒక మాట" అని మొదలుపెట్టి, ఎలా చెప్పాలో తెలియక నీళ్ళు నమిలాను.

ఆ సమయానికి వీరరాఘవయ్యగారు రోడ్డు మీద ఉన్నారు. ఈసారి చుట్టూ తిరిగి పోలేదు. షెడ్డు ముందు ఆగి, మా మాటలు విని, లోపలికి వచ్చి బల్ల మీద కూర్చున్నారు.

"ఆ సంగతి నేను చెబుతా," అన్నారు.

చెప్పారు కూడా. నా అనుమానం సంగతి పాక దగ్గర పని చేస్తున్నప్పుడు ఆయనకు నేనే చెప్పుకున్నాను. కుర్రవాడు తెలిసీ తెలియక గీశాడు, ఈయన తెలిసి కూడా నోరు విప్పలేదు, నా మూడెకరాలు ఎండిపోయాయి అని ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పారు. నేను స్పానరు తుడుస్తూ వింటున్నాను. తలెత్తలేకపోయాను. తర్వాత ఆయన, "నేను ఈయన్ని బజారులో నానా మాటలూ అన్నాను. అదీ నిజమే," అన్నారు. నావైపు చూడలేదు.

జగన్నాథరావుగారికి ఏమీ పాలుపోలేదు. "అయితే నన్ను చేయించుకోమంటారా, వద్దంటారా?" అని అడిగారు.

"చేయించుకో," అన్నారు వీరరాఘవయ్యగారు. "కాకపోతే బిగించిన మొదటి వారం పంట ఉన్న చేను మీద నడపకు. సాయిబు పక్కనుండి చూసి, నడపమన్నాకే నడుపు."

ఆయన ఇంజను ఎల్లుండి షెడ్డుకు వస్తోంది. దాని ఫ్యాను వేరే రకం. పన్నెండు దీనికీ సరిపోతాయో లేదో నాకు తెలియదు. కొలతలు తీసి పంపుతాను. నాకు అనుమానం ఉన్నచోటల్లా గీత గీసి పంపుతాను. చూసి రాయి.

నీ మామూ,
చాంద్‌బాషా.